గేదె బండి కింద నక్క కాలు

ఏం చూశారు? ముందు అది చెప్పండి. చప్టా మీద, పట్టపగలు, బండి ఆగిన చోట గుంపులో మీరూ నిలబడ్డారు. గేదె నక్కను తొక్కిందంటున్నారు. తొక్కడం చూశారా, నక్క అరవడం విన్నారా? విన్నదాన్ని చూశామని చెప్పడం మన అడవికి అలవాటైపోయింది. అందుకే మొదట్నుంచీ చెబుతాను.

ఏటికి ఇవతల ఒక అడవి, అవతల ఒక అడవి. మధ్యలో రాళ్లు పరిచిన చప్టా. దాని మీద ఎప్పుడూ నీళ్లు ఊరుతూ బొటనవేలు మందాన బురద ఉంటుంది. ఇవతల అందరూ ఎడమ పక్కన నడుస్తారు, అవతల కుడి పక్కన. చప్టా నడిమధ్యకు వచ్చాక ఎవరైనా పక్క మారాల్సిందే.

తప్పు తేల్చే పద్ధతి కూడా వేరు. అవతల దారి నడుమ సుద్దతో గీత గీశారు. తన పక్క వదిలి గీత దాటినవాడిదే తప్పు. చీమైనా అంతే, ఏనుగైనా అంతే. ఇవతల గీతా లేదు, గోలా లేదు. రెండు గుద్దుకుంటే పెద్దదే తప్పు. ఆ కట్టుబాటు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఏనుగులు కుందేళ్లను తొక్కి, వెనక్కి తిరిగి కూడా చూసేవి కావు. కుందేళ్లు దారికి అడ్డంగా కూర్చున్నాయి. కొన్ని మళ్లీ లేవలేదు. అప్పుడొచ్చింది ఆ రూలు. దాన్ని తేలిగ్గా మాట్లాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

కాకపోతే కుందేళ్లు వేసిన పందిరి కింద నక్క మంచం వేసుకుంది.

నక్క కన్ను గేదె బండి మీద పడింది. దున్నపోతు పోయాక ఆ బండిని గేదె ఒక్కతే లాగుతోంది. ఇప్పపూలు అవతలికి తీసుకెళ్లి, బదులుగా జొన్నచొప్ప తెచ్చుకుంటుంది. ఇవతల గడ్డి మాడిపోయిన కాలం. చొప్ప రాకపోతే పొదుగు ఎండుతుంది. పొదుగు ఎండితే దూడ బతకదు.

ఒకనాడు చప్టా మధ్యలో గేదె పక్క మారబోతుంటే, అంచున ఉన్న తుంగ దుబ్బులోంచి నక్క వచ్చి కాళ్ల ముందు పడింది.

"చచ్చాన్రోయ్! కాలు పోయిందిరోయ్!"

ఇవతలి అడవికి పెద్ద ఎలుగుబంటి. అది వచ్చి గేదెను చూసింది, నక్కను చూసింది.

"పెద్దదానివి నువ్వు. తప్పు నీది. బండెడు ఇప్పపూలు నక్కకు ఇచ్చెయ్."

"పెద్దయ్యా, కాస్త బురదలో అడుగులు చూడండి," అంది గేదె.

"రూలులో అడుగుల మాట లేదు," అంది ఎలుగు.

కొన్నాళ్లకు మళ్లీ అదే చోటు, అదే అరుపు, అదే తీర్పు. దానికి తోడు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకో మాట: "మరోసారి నీ బండి కింద ఎవరైనా పడ్డారా, ఆ బండి వాళ్లదే."

గేదె ఖాళీ బండి వెనక్కి తిప్పుకుంది. ఇంటికెళ్లి నెమరేసింది. గడ్డి లేదు కాబట్టి జరిగిందే నెమరేసింది.

మూడోసారికి నక్క ఇప్పపూలు మెక్కి బలిసి ఉంది. అయినా పడాల్సిన చోట సరిగ్గానే పడింది. మీరంతా పరిగెత్తుకొచ్చారు. తీర్పయ్యేదాకా ఆ చోట ఎవరూ అడుగు పెట్టకూడదు కాబట్టి చుట్టూ నిలబడ్డారు.

"పాపం, కాలు నుజ్జునుజ్జయింది," అంది కాకి, చెట్టు మీద నుంచే. "ఆ గేదె మొహం చూడండి! దున్నపోతు మీద వాన పడ్డట్టు!"

"వదినా, నీ మీద నాకు కోపం లేదు," అని నక్క మూలిగింది. "బండి ఇచ్చెయ్, మర్చిపోతా."

"నీ మంచితనం ఎవరికొస్తుంది మరిదీ," అని గేదె ఎలుగు వైపు తిరిగింది. "పెద్దయ్యా, చిన్నదానికి దెబ్బ తగిలితే పెద్దదే తప్పు. అంతేనా?"

"అంతే."

"ఎంత చిన్నదైనా?"

"ఎంత చిన్నదైనా."

బండి మీద, ఇప్పపూల గంపలో ఒక ఉడుత కూర్చుని ఉంది. రోజూ ఆ బండిలోనే ఏరు దాటుతుంది. "దిగమ్మా కోడలా," అంది గేదె. ఉడుత దిగింది. బురదలో తిన్నగా నడిచి వెళ్లి, నక్క కాలి కింద దూరి, గొంతెత్తింది.

"అత్తో! నడుం విరిగిందే! నక్క తొక్కేసిందే!"

ఎలుగు నక్కను చూసింది, ఉడుతను చూసింది. "పెద్దదానివి నువ్వు," అంది నక్కతో. "తప్పు నీది."

"ఇదెక్కడి న్యాయం మావా!" నక్క మూలగడం మర్చిపోయింది. "నేను కదిలానా? అదే వచ్చి నా కింద దూరింది! బురద చూడండి, అడుగులు చూడండి!"

"రూలులో అడుగుల..." అని ఎలుగు మొదలుపెట్టింది.

"పెద్దదాన్ని, నేనడిగితే చూడలేదు," అంది గేదె. "ఇప్పుడు నాకంటే చిన్నది అడుగుతోంది. ఇకనైనా చూడండి పెద్దయ్యా."

ఎలుగు వంగింది. ఉడుత అడుగులు బండి దగ్గర మొదలై నక్క కాలి కింద ఆగాయి.

"నక్క చెప్పింది నిజమే," అంది ఎలుగు.

"చెప్పానా!" అంది నక్క.

ఎలుగు తల ఎత్తలేదు. కింద ఇంకా చూడాల్సింది ఉంది. తుంగ దుబ్బు పక్కన నక్క కూర్చున్న గుంట, తోక ఊపిన చార. అక్కడి నుంచి నాలుగు కాళ్ల పరుగు. గేదె గిట్టలు మాత్రం నక్కకు జానెడు ఇవతలే లోతుగా నాటుకుని ఆగిపోయాయి.

"విరిగిన కాలు ఏదన్నావ్ అల్లుడూ?"

"ఎడమ ముందరిది మావా."

"పరుగులో అన్నిటికంటే లోతుగా దిగింది అదేగా!"

గుంపు నవ్వింది. కాకి అందరికంటే గట్టిగా నవ్వింది. అప్పుడు వెనక నుంచి ఒక ముసలి కుందేలు కుంటుకుంటూ ముందుకొచ్చింది. దాని కాలు ఎప్పుడో ఏనుగు కింద నిజంగానే పోయింది.

"నవ్వి నవ్వి మా రూలు తీసెయ్యకండి," అంది. "నక్క దొంగదైతే ఏనుగు మంచిదైపోదు."

ఎలుగు అప్పుడు తల ఎత్తింది. "ముందు అడుగులు చూద్దాం. అడుగులు చెరిగిపోయి ఏమీ తేలకపోతే భారం పెద్దదే మోస్తుంది. ఇప్పటికి గేదె తప్పు లేదు. పాత తీర్పులూ చెల్లవు. నక్కా, తిన్న ఇప్పపూలు..."

నక్క అక్కడ ఉంటేగా! అవతలి అడవిలోకి పరుగు లంకించుకుంది, పుట్టినప్పటి నుంచీ అలవాటైన ఎడమ పక్కనే. ఎదురుగా తన పక్కన తాను దుంపల బండి లాక్కొస్తున్న అడవిపంది. దబ్బున గుద్దుకుంది. ఈసారి కాలు నిజంగానే విరిగింది.

గీత దగ్గర కాపలా కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"పంది నాకంటే పెద్దది! తప్పు దానిదే!" అని ఏడ్చింది నక్క.

"పెద్దదే. నువ్వు గీతకు ఏ పక్కనున్నావ్?"

"మా వైపు ఇదే సరైన పక్క!"

"అయితే మీ వైపే ఉండాల్సింది," అని కొంగ రెండో కాలు దించింది. "లే. చెదిరిన దుంపలు ఏరు."

గేదె పక్క మారి, వాళ్లను దాటుకుని, చొప్ప కోసం వెళ్లిపోయింది.

దెబ్బను చూస్తే జాలి పుడుతుంది, దారిని చూస్తేనే న్యాయం పుడుతుంది.

ఇప్పుడు చెప్పండి. మొదటిసారీ మీరు అక్కడే ఉన్నారు, రెండోసారీ ఉన్నారు. బురద మీ కళ్ల ముందే ఉంది. అడుగులు చూడమని గేదె అడగడం మీ చెవులతో విన్నారు. మరి వంగి చూడటానికి మీకేం అడ్డమొచ్చింది?