గంటకి ముందు ఎర్రగుడ్డ

"కొట్టవే గంట!" అన్నాడు సదాశివం మాస్టారు.

"కొట్టను. పిల్లకి చెప్పొచ్చి అప్పుడు కొడతా" అంది నాంచారమ్మ.

అనగా అనగా, ఇంటింటా మగ్గం ఆడే ఒక ఊళ్ళో, ఒకే ఒక్క గది ఉన్న బళ్ళో, ఈ గొడవ మొదలై అప్పటికి మూడేళ్ళయింది. రోజూ ఇదే మాట, రోజూ ఇదే జవాబు. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు. మధ్యలో నిద్రపోయావంటే మళ్ళీ మొదట్నించీ చెప్పేది లేదు, ముందే చెబుతున్నా.

నాంచారమ్మకి మొగుడు పోయాడు. మగ్గం అమ్మేసింది. ఆ తర్వాత బళ్ళో ఊడవటానికి, కుండలో నీళ్ళు పోయటానికి, గంట కొట్టటానికి చేరింది. ఆమె చదువు రెండో తరగతితో సరి. ఎడంచేత్తో రాస్తందని అప్పటి పంతులు చెయ్యి వాచేలా కొట్టి, చివరికి ఇంటికి పంపించేశాడు. నెలనెలా జీతం కాయితం మీద ఆమె వేసేది వేలిముద్రే. ఆ వేలిముద్ర కూడా ఎడంచేతిదే. ఎవరేమన్నా మార్చలేదు.

గంటంటే మీ బళ్ళో ఉన్నట్టు కరెంటు గంట కాదే. రైలు పట్టా ముక్క. వరండా దూలానికి గొలుసుతో వేలాడదీశారు. ఇనప కమ్మీతో ఒక్క దెబ్బ కొడితే ఊరవతల మేకలు కూడా తలెత్తి చూసేవి.

ఆ బళ్ళో మాణిక్యం అని ఒక పిల్ల ఉండేది. ఎనిమిదేళ్ళది. ఎవరి మొహంలోకీ చూసేది కాదు, మాటలు తక్కువ. ఒకేసారి మూడు పనులు చెబితే ఒక్కటీ చేసేది కాదు. ఒకటి చెప్పి, అది అయ్యాక ఇంకోటి చెబితే మూడూ చేసేది. గంట మోగితే మాత్రం చెవులు మూసుకుని కెవ్వున కేక పెట్టి బయటికి పరిగెత్తేది.

అప్పుడు మాస్టారు పాలపొడి డబ్బా తీసేవాడు. అది జరిమానా డబ్బా. క్లాసులో కేక పెడితే రూపాయి, చెప్పకుండా బయటికి పోతే అర్ధరూపాయి. ఆ రూలు మాస్టారే పెట్టాడు, గోడమీద సున్నం మీద రాసి మరీ పెట్టాడు.

మాస్టారు చెడ్డవాడేం కాదు. జ్వరమొచ్చినా బడి మానడు. కానీ నలభైమందీ ఒక్కలాగే కూచోవాలి, ఒక్కలాగే రాయాలి, ఒక్కలాగే ఊరుకోవాలి. ఆయనకి బడి అంటే అదే.

"మగ్గాలింట పుట్టిన పిల్లకి చప్పుడంటే భయమా? పొద్దస్తమానం టకాటకా మోగే ఇంట్లో తిని పడుకుంటంది కదా! నాటకాలు!" అనేవాడు.

వినటానికి నిజమే అనిపిస్తంది కదూ? ఊరంతా అదే అనుకుంది.

నాంచారమ్మ అనుకోలా. ఆమె ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూచున్న మనిషి. మగ్గం చప్పుడు ఎప్పుడొస్తందో తెలిసే వస్తంది. పోగు మోసే నాడె ఇటు పోతే ఒకటి, అటు పోతే ఒకటి. ఒళ్ళు దానికి ముందే సిద్ధంగా ఉంటది. గంట అట్టా కాదు. వీపు మీద దొంగదెబ్బ కొట్టినట్టు వస్తంది.

అందుకని నాంచారమ్మ మొదట ఒక పని చేసింది. తన పాత రవికె చింపి ఎర్రగుడ్డ ఒకటి తీసింది. గంట కొట్టబోయే ముందు ఆ గుడ్డ కిటికీలోంచి చూపించి, పది దాకా లెక్కపెట్టి, అప్పుడు కొట్టేది. కమ్మీకి కూడా ఒక గోనెముక్క చుట్టింది. మాణిక్యం గుడ్డ చూసేది, చెవులు మూసుకునేది, గంట మోగేది, చేతులు తీసేది. కేక లేదు, పరుగు లేదు.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు మాస్టారు గోనెముక్క పీకేశాడు.

"గంటంటే గంటలాగా మోగాలి" అన్నాడు.

ఆ తర్వాత నాంచారమ్మ రెండో పని చేసింది. మాణిక్యం చేతులు ఊరికే ఉండేవి కావు. పలక గీకేది, పక్కపిల్ల జడ లాగేది. ఆమె ఆ చేతుల్లో ఒక ఖాళీ కండె పెట్టి, కొంచెం నూలిచ్చింది. చుట్టుకో అంది. పిల్ల నూలు చుడతా పాఠం వినేది. ఎక్కం అడిగితే, తల ఎత్తకుండానే చెప్పేది.

వారం గడిచింది. మాస్టారు కండె లాక్కున్నాడు.

"ఒక్కదానికిస్తే రేపు నలభైమందీ అడుగుతారు" అన్నాడు.

"అడగనీయండి అయ్యవారూ. ఈ ఊళ్ళో నూలుకేమన్నా కరువా?" అంది నాంచారమ్మ.

ఆ తర్వాత మూడో పని చేసింది. తలుపు పక్కన గోడకి అయిదు మేకులు కొట్టి, అయిదు రంగుల నూలుచిలపలు, అంటే నూలు కట్టలు, తగిలించింది. పచ్చది లెక్కలు. నీలంది చదవటం. తెల్లది అన్నం. నల్లది ఆటలు. ఎర్రది ఇంటి గంట. ఒక్కో పని అయ్యాక మాణిక్యం లేచి వెళ్ళి ఒక్కోటి తీసి గంపలో వేసేది. ఇంకా ఏం మిగిలిందో గోడ చూస్తే తెలిసిపోయేది. కొత్త పనికి ఏడవటం మానేసింది.

అది చూసి కిష్టిగాడనే ఇంకో పిల్లాడు, "మామ్మా, రేపు నేను తీస్తానే" అని పోరుపెట్టాడు. వాడు నిమిషం కుదురుగా ఉండేవాడు కాదు. లేచి వెళ్ళి చిలప తీసొచ్చి కూచుంటే, వాడి కాళ్ళకి కూడా కాస్త నెమ్మది వచ్చేది.

పదిరోజులు గడిచాయి. మాస్టారు మేకులు ఊడబీకాడు.

"ఇది బడా, మగ్గం గుంటా?" అన్నాడు.

అట్టా ఆమె పెట్టటం, ఆయన పీకటం, మూడేళ్ళు. నువ్వైతే మానేసేదానివి. ఆమె మానలా.

ఒక సోమవారం మాస్టారు గోనె, కండె, చిలపలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. కమ్మీ తనే తీసుకుని, తనే గంట కొట్టాడు.

మాణిక్యం కేక పెట్టింది. పరిగెత్తింది. ఆ పరుగు బడి దాటింది, బజారు దాటింది. పిల్లలంతా వెతికారు. చివరికి నాంచారమ్మే కనిపెట్టింది. పిల్ల వాళ్ళ ఇంట్లోనే, మగ్గం కింద గుంటలో, వాళ్ళమ్మ కాళ్ళు ఆడించే చోట, చెవులు మూసుకుని ముడుచుకుని ఉంది.

నాంచారమ్మ ముద్దులూ పెట్టలేదు, ఏడవనూ లేదు. గుంట గట్టున కూచుని, "నీకు తోచినప్పుడు రా" అని ఊరుకుంది. పిల్లకి తోచేసరికి మధ్యాహ్నం అయింది.

మాస్టారు వచ్చి వాళ్ళమ్మతో చెప్పాడు. "శనివారం రిజిస్టర్లో పేరు కొట్టేస్తున్నా. పిల్లని ఇంట్లో పెట్టుకోండి."

ఆ తల్లి ఏం చేస్తది? "మా ఖర్మ" అని తలొంచుకుంది.

"పోగు తెగితే మగ్గాన్ని తగలబెట్టుకుంటారా అయ్యవారూ? ముడేసుకుని నేస్తారు" అంది నాంచారమ్మ.

"నీకేమవుతుంది ఆ పిల్ల?"

"ఏమీ కాదు. ఏదో అయితేనే అడగాలా?"

"ఇంకొక్క మాట మాట్లాడితే నీ పని కూడా పోతుంది."

"పోతే పోనీండి. ఊళ్ళో ఊడవటానికి వాకిళ్ళే లేవా?" అంది. తగ్గలా.

అప్పుడు శనివారం వచ్చింది. మాస్టారు రిజిస్టరు తెరిచాడు. ఎర్రసిరా బుడ్డి మూత తీశాడు. కలం ముంచాడు.

నాంచారమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఆగండి. ఆ పిల్ల కూచునే చోట ఒక్క గంటసేపు మీరు కూచోండి. మూడుసార్లు గంట కొడతా. ఎప్పుడు కొడతానో చెప్పను. కదలకుండా కూచుని పిల్లలకిచ్చే లెక్క ఒకటి చేసి చూపించారా, నేనే బుడ్డి పట్టుకుని నిలబడతా, మీరు పేరు కొట్టేయండి. కదిలారా, పేరు ఉంటది. నా గోనె, నా కండె, నా చిలపలు నాకు ఇచ్చేయాలి."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తన్నారు. నలభైమంది ముందు ఎట్టా వెనక్కి తగ్గుతాడు?

"గంటకి భయపడటానికి నేనేమన్నా చిన్నపిల్లనా?" అని నవ్వి, కిటికీ కింద మాణిక్యం చోట కాయితం, కలం, సిరాబుడ్డి పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. రైలు పట్టా ముక్క ఆయన చెవికి రెండు మూరల దూరం. మూడేళ్ళలో ఎప్పుడూ ఆ చోట కూచోలా. ఆయన కుర్చీ ఆ చివరెక్కడో ఉండేది.

ఆ పొద్దున నాంచారమ్మ వెంటబెట్టుకొచ్చిన మాణిక్యం వెనకాల గోడ దగ్గర కూచుంది. అక్కడినించి తలుపు కనిపిస్తంది. మాస్టారికి తలుపు వీపు వైపు.

మాస్టారు లెక్క మొదలుపెట్టాడు. ఒక వరస రాశాడో లేదో...

ఠంగ్!

కలం జారిపోయింది. "ఇంతేనా!" అన్నాడు. నవ్వాడు కానీ, నవ్వు ఒక పక్కకే వచ్చింది.

అప్పుడు నాంచారమ్మ కొట్టలా. ఊరుకుంది. ఇంకా ఊరుకుంది. మాస్టారు ఒక అంకె వేస్తాడు, చెవి కిటికీ వైపు పెడతాడు. ఇంకో అంకె వేస్తాడు, భుజాలు పైకి లేస్తాయి. ఇప్పుడు కొడుతుందా? ఇప్పుడా? ఏడు తొమ్మిదులు ఎంతో ఆయనకి గుర్తు రాలా. రోజూ నలభైమంది చేత చెప్పించే మనిషి!

ఠంగ్!

రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి. మోకాలు తగిలి సిరాబుడ్డి ఒరిగి, ఎర్రసిరా అంతా పంచె మీద పడింది.

"కొట్టేముందు ఒక మాట చెప్పవా నాంచారమ్మా!" అన్నాడు.

"మూడేళ్ళనించీ నేనడుగుతున్నది అదే కదా అయ్యవారూ" అంది నాంచారమ్మ కిటికీ అవతలనించి.

మాస్టారి మెడ మీద చెమట. చూడబోతే లెక్క సగం కూడా కాలా. కాయితం దగ్గరికి వంగాడు. వంగీ వంగక ముందే...

ఠంగ్!

"ఓర్నాయనో!" అని ఒక్క కేక పెట్టి, ఒక్క ఉదుటున లేచి, తలుపు దాటి వరండా దాటి వాకిట్లో పడ్డాడు మాస్టారు.

మరి మాణిక్యం?

మాణిక్యం కదల్లా. చెవుల మీద చేతులు పెట్టుకుని హాయిగా కూచునే ఉంది. మూడుసార్లూ ఆ పిల్లకి ముందే తెలుసు. కొట్టే ముందు నాంచారమ్మ తలుపులోంచి ఎర్రగుడ్డ చూపించింది మరి! మాస్టారికి చూపించలేదంతే.

అప్పుడు మాణిక్యం చేతులు దించింది. లేచింది. బల్ల మీద జరిమానా డబ్బా తీసుకుంది. వాకిట్లోకి వెళ్ళి మాస్టారి కాళ్ళ ముందు పెట్టింది. ఆయన మొహంలోకి చూడలా, గోడమీద రాత వైపు చూసింది. మూడేళ్ళలో ఆయన అడక్కుండా ఆయనతో మొదటిసారి మాట్లాడింది.

"కేకకి రూపాయి. బయటికి పోతే అర్ధరూపాయి."

ఎగతాళికి అనలేదే. రూలంటే రూలు, ఆ పిల్లకి అంతే.

"చిల్లర లేదు" అన్నాడు మాస్టారు, పంచె దులుపుకుంటా.

సోమవారం పొద్దున డబ్బా ఆయన కుర్చీ ముందు ఉంది. "చిల్లర లేదన్నానా!" అన్నాడు. కానీ బీరువా తాళం తీసి గోనెముక్క తనే నాంచారమ్మ చేతికిచ్చాడు.

మంగళవారం కూడా డబ్బా ఉంది. "మాస్టర్లకి జరిమానా ఉండదు" అన్నాడు. "గోడమీద అట్టా రాసి లేదు" అంది మాణిక్యం. ఆయన గోడ చూశాడు. నిజమే, లేదు. గమ్మున సుత్తి తీసుకుని అయిదు మేకులూ తనే కొట్టాడు. ఒకటి వంకరగా దిగింది. కిష్టిగాడు నవ్వాడు. ఆయన దానికే ఎర్రచిలప తగిలించాడు.

బుధవారం పొద్దున నలభైమందిలో ఎవరికి కావాలంటే వాళ్ళకి కండెలున్నాయి. అడిగింది తొమ్మిదిమందే. మిగతావాళ్ళకి అక్కర్లేదు. నలభైమందీ అడుగుతారని మూడేళ్ళు భయపడ్డ మనిషి, తొమ్మిదిమందిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

మాణిక్యం పెద్దయ్యాక కలెక్టరయిందా అని అడగబాకు. అవలేదు. అయిదో తరగతి దాకా ఆ బళ్ళోనే, ఆ కిటికీకి దూరంగా, తన చోట తను కూచుని చదువుకుంది. నాంచారమ్మ కొట్లాడింది అంతమాత్రానికే. అది చిన్న సంగతి అని ఎవరన్నా అంటే, కిటికీ కింద కూచోబెట్టి గంట కొట్టు.

నాంచారమ్మ ఆ తర్వాత కూడా ఎవరితోనన్నా గొడవ పడిందా అంటావా? పడింది. ఎందుకు పడదు?

ఆ బుధవారం సాయంత్రం ఎర్రచిలప తీశాక, ఎర్రగుడ్డ ఊపాక, గంట మెత్తగా మోగాక, మాస్టారు జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బా మోగింది. అందులో పడ్డ ఆఖరి డబ్బులు అవే. మర్నాడు ఆ డబ్బా నిండా కండెలే ఉన్నాయి.

ఇంక కళ్ళు మూసుకో. దీపం తీసేస్తున్నా. ముందే చెప్పి తీస్తున్నా చూడు.

కథేమో కంచికి,
కండేమో మగ్గానికి,
గోనేమో కమ్మీకి,
కునుకేమో కంటికి,
మనమేమో మంచానికి,
మాస్టారి చిల్లరేమో డబ్బాకి,
ఎంతా అంటే, అక్షరాలా రూపాయిన్నర.