ఏకాదశి నాటి కొలువు

ఒకానొక మెట్ట రాజ్యాన్ని గజసింహుడనే రాజు ఏలేవాడు. చెడ్డవాడని అనలేం గానీ, నోట్లోంచి ఊడిపడిందల్లా శాసనమే అనుకునే రకం.

వేటకు ముందు కుక్కల్ని పస్తుంచడం ఆయన కోటలో ఆచారం. ఆకలి మీదుంటే బాగా తరుముతాయట. ఓసారి వాటిలో ఒక నల్లజాతి కుక్క తాడు తెంచుకుని రాజుగారి బావమరిది పిక్క పట్టుకుంది. ఇంకేముంది, రాజ్యంలో నల్లజాతి కుక్కన్నది కనబడకూడదని దండోరా వేయించి, వేటకు గోధుమరంగు జాతిని తెప్పించాడు.

ఆ దండోరా విని గొర్రెలు కాసుకునే మల్కమ్మ గుండె జారిపోయింది. తోడేళ్ళ నుంచి ఆమె మందను కాచేది నల్లకుక్కే. ఆస్థాన విదూషకుడు పేరయ్య దగ్గరికి పరుగెత్తింది.

"పసిపిల్లలు చెవులు పీకినా కిమ్మనదు సామీ. ఇది పోతే మంద పోతుంది, మంద పోతే నా బతుకే పోతుంది" అని ఏడ్చింది.

"కుక్కను మా ఇంట్లో దాచు. ఏకాదశినాడు కొలువుకు రా" అన్నాడు పేరయ్య.

ఏకాదశి అంటే కొలువులో అందరికీ గుబులే. ఆ రోజు రాజు పచ్చి మంచినీళ్ళైనా ముట్టడు. మధ్యాహ్నానికల్లా వింజామర వీచేవాణ్ణి కసిరాడు, మంత్రిని మూర్ఖుడన్నాడు, పురోహితుడి మీదికి పాదుక విసిరాడు.

అప్పుడు లేచాడు పేరయ్య. "ప్రభూ, పొరుగు రాజు దూత ఎవరైనా ఇప్పుడు తమర్ని చూసి, ఈ వంశం వాళ్ళంతా మీదపడే రకమే, ఒక్కణ్ణీ మన పొలిమేర తొక్కనివ్వొద్దని వాళ్ళ రాజుకు చెబితే న్యాయమేనా?"



"నా వంశం ఏం చేసిందయ్యా? కడుపు మాడి కసిరాను" అన్నాడు రాజు.

"ఆ మాట చెప్పుకోవడానికి నల్లకుక్కకు నోరు లేదు ప్రభూ."

రాజు మొహం ఎర్రబడింది. "మరి ఈ గోధుమరంగువి బుద్ధిగానే ఉన్నాయిగా?"

పేరయ్య కుక్కలవాణ్ణి ముందుకు పిలిచాడు. వాడు భయపడుతూ చేతికున్న కట్టు చూపించాడు. "నిన్న వీటిని పస్తుంచాం దొరా. పొద్దున ఒకటి కరిచింది."

"ఇంకో జాతిని తెప్పించమంటారా ప్రభూ?" అని వినయంగా అడిగాడు పేరయ్య.

 రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. శాసనం రద్దు చేశాడు, కుక్కల్ని పస్తుంచే ఆచారం మాన్పించాడు, పేరయ్యకు తన భుజం మీది శాలువా కప్పాడు.

"నీకేం కావాలమ్మా?" అని, పేరయ్య ముందుకు తీసుకొచ్చిన మల్కమ్మనూ అడిగాడు.

"నా కుక్క నాకు దక్కింది దొరా, అది చాలు. మా పక్క మందవాళ్ళ కుక్కను మాత్రం మొన్ననే మీ భటులు కొట్టి చంపారు. వాళ్ళకేం చెప్పమంటారు?"

రాజు నవ్వు ఆగిపోయింది.  ఆ పూట ఆయన మళ్ళీ ఎవర్నీ కసరలేదు.