కుట్టు విప్పిన పుస్తకాలు

అనగనగా ఒక ఊళ్ళో, ఇటుక బట్టీలకి దగ్గర్లో, ఒక అంగన్‌వాడీ బడి ఉండేదిట. అక్కడ అలివేలు అని ఒక టీచరు ఉండేదిట. ఊఁ కొడుతూ ఉండు మరి, లేకపోతే నిద్రపోయావనుకుంటాను.

అలివేలుకి కథలంటే ప్రాణం. కానీ బళ్ళో ఉన్న బొమ్మల పుస్తకాల్లో ఎటు తిరగేసినా ఒకటే రకం పిల్లలు, తెల్లగా, బుగ్గలేసుకుని. వాటిల్లో నమాజుకి వెళ్ళే తాతతో మునీరా లేదు. చర్చిలో పాటలు పాడే దావీదు లేడు. చంకకర్రతో నడిచే పైడితల్లి లేదు. "మా పిల్లల పుస్తకం నేనే రాస్తాను" అనుకుంది. రాసింది, బొమ్మలూ తనే వేసింది. ఏనుగు మాత్రం కాస్త గేదెలా వచ్చింది, పోనీలే.

అప్పుడు ఆ పుస్తకం పట్టుకుని పట్నం వెళ్ళింది. పుస్తకాలు వేసే మొదటాయన, "రాజూ రాణీ లేకపోతే ఎవరు కొంటారమ్మా" అన్నాడు. రెండో ఆయన, "ఆ చంకకర్ర తీసెయ్యండి, పిల్లలు దిగులు పడతారు" అన్నాడు. మూడో ఆయన, "అన్ని మతాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టారేంటి, గొడవలొస్తాయి" అన్నాడు. అలివేలుకి ఒళ్ళు మండింది. రోజూ ఒకే చాప మీద పప్పన్నం తినే పిల్లలకి రాని గొడవ, బొమ్మల్లో ఎందుకొస్తుంది?

ఆ తర్వాత తనే జెరాక్స్ షాపులో కాగితాలు తీయించింది. తనూ, ఆయా నూకాలూ కూర్చుని కాగితాలు మడిచి, ఒకదాన్లో ఒకటి దూర్చి, నడుమ దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టారు. పిల్లకొక పేజీ. ఎవర్నీ మరిచిపోకూడదని హాజరు పట్టీ పక్కన పెట్టుకుని మరీ చేసింది. పాతిక పుస్తకాలయ్యాయి.

పుస్తకాలు పంచినరోజు బళ్ళో తిరనాళ్ళే అనుకో. మునీరా తన పేజీని ముద్దు పెట్టుకుంది. పైడితల్లి తన బొమ్మని చంకకర్రకి కూడా చూపించింది.

గుమ్మం దగ్గర ఝిలి కూర్చుంది. ఝిలి అంటే, ఒరిస్సా నుంచి బట్టీ పనికొచ్చిన వాళ్ళ పిల్ల. తెలుగు అంతంతమాత్రం. తమ్ముణ్ణి చంకనేసుకుని రోజూ వచ్చేది. తనకిచ్చిన పుస్తకం మొదట్నించి చివరిదాకా తిరగేసింది. మళ్ళీ తిరగేసింది. మూడోసారి ఒక్కో పేజీ వేలితో తడుముతూ చూసింది. అప్పుడు పుస్తకం మూసి, అలివేలు చేతిలో పెట్టి, "నేను లేను" అని చెప్పి వెళ్ళిపోయింది.

అలివేలు హాజరు పట్టీ తీసి చూసింది, ఝిలి పేరే లేదు. వానలు పడగానే వెళ్ళిపోతారని బట్టీ పిల్లల పేర్లు పట్టీలో ఎక్కించరు. ఎదురుగా కూర్చున్న పిల్లని వదిలేసి తను కాగితం చూసి రాసింది. పట్నంలో పుస్తకాలు వేసే ఆ ముగ్గుర్నీ తిట్టిన నోటితోనే ఇప్పుడు తనని తాను తిట్టుకుంది.

మర్నాడు ఝిలి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు పొద్దున్నే మబ్బు పట్టింది. బట్టీ ఆపేశారనీ, సాయంత్రం అందరూ లారీ ఎక్కుతారనీ నూకాలు కబురు తెచ్చింది.

"చివర్లో ఒక కాగితం అంటించేద్దాం టీచరమ్మా" అంది నూకాలు.

"అంటిస్తే ఊడిపోతుంది నూకాలూ. కుట్టాల్సిందే" అంది అలివేలు.

అప్పుడు పిల్లల దగ్గర పుస్తకాలన్నీ వెనక్కి అడిగింది. పైడితల్లి ముందు ఇవ్వనని మొరాయించింది, ఝిలి కోసమంటే ఇచ్చేసింది. అలివేలు ఝిలి బొమ్మ గీసింది, చంకలో తమ్ముడితో సహా. నూకాలు పరుగున వెళ్ళి జెరాక్స్ తీయించుకొచ్చింది. మునీరా వాళ్ళమ్మ సూది తెచ్చింది, దావీదు నాయనమ్మ కళ్ళజోడు తెచ్చుకుంది. అందరూ ఒకే చాప మీద కూర్చుని కుట్లు విప్పారు. కుట్టిన పుస్తకంలో కొత్త కాగితం పెట్టడానికి సులువైన చోటు ఏదో తెలుసా? నట్టనడుమ. అక్కడే పెట్టి మళ్ళీ కుట్టారు.

ఆ తర్వాత అలివేలు, కుట్టడం అయిన మొదటి పుస్తకం పట్టుకుని బట్టీకి పరుగెత్తింది. లారీ అప్పటికే బయల్దేరబోతోంది. మూటల మీద కూర్చున్న ఝిలి పుస్తకం అందుకుంది. తెరిస్తే అది దానంతటదే నడుమ విచ్చుకుంది.

"నేను" అంది ఝిలి. "తమ్ముడు కూడా."

పేజీ తిప్పింది. వెనక ఖాళీగా ఉంది. "ఇది ఎవరు?" అని అడిగింది.

"రేపు వచ్చేవాళ్ళకమ్మా. నేను మళ్ళీ ఎవర్నైనా మరిచిపోతే" అంది అలివేలు. కొప్పులో దోపుకున్న పెన్సిలు తీసి ఇచ్చింది. లారీ కదిలింది.

వానలు వెలిశాక, మళ్ళీ బట్టీ అంటించాక, ఒకరోజు గుమ్మంలో ఝిలి నిలబడి ఉంది. పుస్తకం తెరిచి చూపించింది. ఖాళీ పేజీలో ఒక బొమ్మ. పెద్ద కొప్పు, కొప్పులో పెన్సిలు.

"టీచర్ లేదు కదా పుస్తకంలో" అంది ఝిలి. "నేను పెట్టాను."

అలివేలు అక్కడే కూలబడి, ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేసింది. ఆ తర్వాత హాజరు పట్టీ తీసి, ఝిలి పేరు తన చేత్తో రాసింది.

కథ చేరె కంచికి, మనం చేరాం మంచానికి,
ఖాళీ పేజీ ఉంచుదాం రేపొచ్చే నేస్తానికి.