ఏడు పేపర్ల ఉమాకాంత్

ఉన్నదానికన్నా గొప్పగా కనిపించాలనే యావతో సతమతమయ్యే ఉమాకాంత్ అనే యువ పరిశోధకుడు కర్నూలులో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేస్తూ ఉండేవాడు.

రాగి పైరుకు పట్టే అగ్గి తెగులు మీద అతను ఆరేళ్లు ఎండనక వాననక పొలాల్లో తిరిగి నాలుగు పరిశోధన పేపర్లు రాశాడు. నాలుగూ మంచివే! కానీ అతని కంటికి నాలుగు ఆనలేదు. స్నేహితుడు ఓబులేసుది వేరుశనగ మీద పరిశోధన.

"నేను పంపబోయే మూడు పేపర్లలో నీ పేరు కూడా వేస్తా. రేపు నువ్వు రాసేవాటిలో నా పేరు వెయ్యి. ఎవడు చూడొచ్చాడురా!" అన్నాడు ఓబులేసు.

టీ తాగి లేచేసరికి నాలుగు కాస్తా ఏడయ్యాయి. ఆ మూడింటినీ ఉమాకాంత్ చదవనైనా లేదు.

అంతలో ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు పడింది. ఒక్కటే పోస్టు. అది చేజారితే మళ్లీ ఏటేటా కాంట్రాక్టు పొడిగించమని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడాల్సిందే. ఏడు పేపర్లూ జతచేసి ఇంటర్వ్యూకి వెళ్లాడు.

బోర్డులో ఉన్న ఒక పెద్దావిడ ఫైలు తిరగేసి ఐదో పేపరు బయటికి తీసింది.

"ఈ వేరుశనగ పని మీరూ చేశారా బాబూ?"

"చేశానండీ."

"రెండో ఏడు దిగుబడి ఎలా వచ్చింది?"

ఉమాకాంత్ నోటికొచ్చింది చెప్పాడు. "బాగానే వచ్చిందండీ. మొదటి ఏడుకన్నా కాస్త ఎక్కువే."

ఆవిడ పేపరును అతనివైపు తిప్పింది. "వానల్లేక పైరంతా ఎండిపోయిందనీ, ఆ ఏడు కోతే లేదనీ ఇందులో ఉందే!"

అతని ముఖం మాడిపోయింది. "ఈ మూడూ నావి కావండీ. ఆ నాలుగూ మాత్రం నావే. వాటిలో ఏదైనా అడగండి," అని బతిమాలాడు.

"అవి మీవేనని ఎలా నమ్మమంటారు?" అందావిడ. కోపంగా అన్నా బాగుండేది, జాలిగా అంది.

పోస్టు మూడే పేపర్లున్న ఒకమ్మాయికి వచ్చింది. అయ్యో, ఆరేళ్ల కష్టం! ఉమాకాంత్ బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

రెండేళ్లకు మరో నోటిఫికేషన్ వచ్చింది. ఈసారి దరఖాస్తులో నాలుగే రాశాడు.

"మతి పోయిందా? మార్కులు తగ్గుతాయిరా!" అన్నాడు ఓబులేసు.

"తగ్గనీ. వీటి గురించి అడిగితే ఏ గట్టు పక్కన ఏ మొక్క ముందు ఎండిందో కూడా చెప్పగలను," అన్నాడు ఉమాకాంత్.

మనది కాని పనిని మన పేరున కలుపుకుంటే, మనం చెమటోడ్చి చేసిన పని కూడా మనది కాకుండా పోతుంది.