ఒడ్డు మీద చుక్క

లోహిత్ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. "యాప్ స్టోర్ వాళ్లు నియమాలు మారుస్తూనే ఉంటారు మేడమ్. వాళ్లు మార్చిన ప్రతిసారీ మనం యాప్‌ని సరిచేసి పంపుతాం. వాళ్లు పరిశీలించి ఆమోదిస్తారు. ఆమోదం వచ్చాక కూడా పని అవలేదని మీరెందుకంటారు?"

కమలాక్షి గారికి విశాఖపట్నంలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది. ఎప్పుడో తయారైన యాప్‌లు కొత్త ఫోన్లలో, కొత్త నియమాల కింద ఆగిపోకుండా చూసుకోవడం మా పని. మేమంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లమే. ఎవరు వాదనకు దిగినా ఆవిడ ఎదురు వాదించరు. జరిగినదేదో ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఆ రోజు లోహిత్‌ని కూర్చోమని సోమలింగం సంగతి చెప్పారు.

సోమలింగం ఆవిడ శిష్యుడే. ఇక్కడ పని నేర్చుకుని వెళ్లి, సొంతంగా యాప్‌లు చేసుకునేవాడు. అతని మేనత్తది పెదగెడ్డపాలెం అనే బెస్తవాళ్ల ఊరు. అక్కడి తెప్పలు మరీ లోపలికి పోవు, ఫోన్ సిగ్నల్ అందేంత దూరంలోనే వేట. అది చూసి సోమలింగం వాళ్ల కోసం 'ఒడ్డు' అనే యాప్ రాశాడు. మగవాళ్లు ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకు కట్టుకుని సముద్రం మీదికి పోయేవారు. తెప్ప ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్ల ఫోన్లో చిన్న ఎర్ర చుక్కగా కనిపించేది. గాలి తిరిగిందంటే ఇంజను పడవలు ఆ చుక్కల్ని చూసుకుని ఎదురు వెళ్లి తెప్పల్ని లాక్కొచ్చేవి. అలా బతికి వచ్చినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. యాప్‌ని అతనే ఇంటింటికీ తిరిగి ఫోన్లలో పెట్టాడు. ఇసుకలో కూర్చుని ఒక్కొక్కరికీ ఎలా చూడాలో నేర్పాడు. అతను ఊళ్లోకి వస్తే చేపల పులుసు తినకుండా వెళ్లనిచ్చేవారు కాదు.

కొంతకాలానికి స్టోర్ వాళ్లు కొత్త నియమం తెచ్చారు. తెరిచి లేనప్పుడు కూడా మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టే యాప్ ఏదైనా సరే, ఎందుకు కనిపెడుతుందో ఆ మనిషికి చెప్పి, ఒప్పుకుంటేనే ఆ పని చెయ్యాలి. గడువులోగా మార్చకపోతే యాప్‌ని తీసేస్తారు. మంచి నియమమే. కాని అప్పటికి సోమలింగం చేతిలో చాలా యాప్‌లున్నాయి, అన్నిటికీ అదే గడువు. ఒక అనుమతి తెర తయారుచేసి, అన్నిట్లోనూ దాన్నే అతికించాడు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, కింద రెండు మీటలు. స్టోర్ వాళ్లు చూశారు, ఆమోదించారు. అతను ఊపిరి పీల్చుకున్నాడు. పెదగెడ్డపాలెం వెళ్లాలని అనుకున్నాడు గాని, తీరిక దొరకలేదు.

ఆ వారంలోనే ఊళ్లో ఫోన్లు వాటంతటవే కొత్త యాప్‌ని తెచ్చుకున్నాయి. తెరిచినవాళ్లకు ఆ నాలుగు వాక్యాలు అడ్డం వచ్చాయి. కొందరు పై మీట నొక్కారు, కొందరు కింది మీట నొక్కారు. ఏది నొక్కినా తెర పోయి ఎప్పటి పటమే కనిపించింది. పోలారావు అనే అతను కింది మీట నొక్కాడు. వద్దని చెప్పినట్టు అతనికి తెలియదు. అప్పటినుంచి అతని చుక్క కదలడం మానేసింది. మీట నొక్కినప్పుడు ఒడ్డున తెప్పలు కట్టేచోట ఇసుకలో కూర్చుని ఉన్నాడు కనుక, చుక్క అక్కడే నిలిచిపోయింది. మనిషి జాడ ఇక తెలియడం లేదని యాప్ చెప్పాలి కదా? ఆ మాట చెప్పేలా సోమలింగం రాయలేదు, స్టోర్ వాళ్లు అడగనూ లేదు. సముద్రం నిమ్మళంగా ఉన్నన్నాళ్లు ఎవరూ చుక్కల వంక చూడలేదు.

ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. ఇంజను పడవల వాళ్లు ఒడ్డున నిలబడి ఎవరెవరు సముద్రం మీదున్నారని కేకేసి అడుగుతున్నారు. పోలారావు భార్య నూకరత్నం ఫోన్ చూసుకుంది. చుక్క ఒడ్డు మీదుంది.

"మాయన ఒచ్చీసినాడు. తెప్ప కట్టడానికి ఎల్లుంటాడు. మీరు మిగతావోళ్లని సూడండి," అంది.

పడవలు మిగతా చుక్కల వైపు వెళ్లాయి. ఆ తెప్పల మీదివాళ్లలో చాలామందిని తీసుకొచ్చాయి కూడా. పొద్దు వాలినా పోలారావు ఇంటికి రాలేదు. ఆమె ఒడ్డు పొడవునా తెప్ప తెప్పకీ వెళ్లి అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. అప్పటికి అలలు పడవని దిగనిచ్చేలా లేవు. మర్నాడు తెప్ప దుంగలు విడివిడిగా దొరికాయి. మనిషి ఆ తర్వాత దొరికాడు. సంచిలో ఫోన్ ఇంకా నడుముకే ఉంది.

సోమలింగం వెళ్లాడు. ఊళ్లో ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. వాళ్ల లెక్కలో అది సముద్రం చేసిన పని. అతని మేనత్త మాత్రం అన్నం పెడుతూ తలెత్తలేదు. నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. అతను ఎదురుగా నేల మీద కూర్చుని, ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు. అనుమతి అడిగినట్టు, పోలారావు వద్దన్నట్టు, అంతా నియమం ప్రకారమే ఉన్నట్టు.

ఆమె "అడిగినావా? ఏటని అడిగినావు? ఓపాలి సదివి సెప్పు బాబూ," అంది.

అతను తన ఫోన్లో ఆ తెర తీసి, ఇంగ్లీషు వాక్యాల్ని తెలుగు చేసి చదివాడు. మీరు ఈ యాప్‌ని మూసినా, మీరు ఎక్కడున్నారో మీవాళ్లకు తెలియనివ్వడానికి ఒప్పుకుంటారా అని అందులో ఉంది.

"ఇదే మాటా?"

"ఇదేనమ్మా."

"ఇలగ అడిగితే ఒద్దంటాడా?" అంది ఆమె. కోపం లేదు ఆ గొంతులో. "ఒడ్డు మీదున్నాడని నానే సెప్పినాను. నా నోటితో నానే పడవల్ని పంపీసినాను," అంది. ఆ మాట ఆమె తర్వాత కూడా ఎవరు వచ్చినా అంటూనే ఉండేదట. వచ్చినవాళ్లు నీ తప్పు కాదనేవారు. ఆమె తలూపి, మళ్లీ మొదటినుంచీ అదే చెప్పేది.

కమలాక్షి గారు అక్కడితో ఆపారు. లోహిత్ అడిగాడు.

"సోమలింగం గారు తర్వాత ఏం చేశారు మేడమ్?"

"పెదగెడ్డపాలెంలోనే మకాం పెట్టి, ఆ తెరని వాళ్ల మాటల్లో మళ్లీ రాశాడు. చదవలేని వాళ్ల కోసం మేనత్త గొంతుతో చెప్పించాడు. జాడ తెలియకపోతే చుక్క ఆరిపోయి ఫోన్ మోగేలా చేశాడు. అన్నీ సరిచూసి స్టోర్‌కి పంపాడు."

"ఆమోదించారా?"

"ఆమోదించారు," అన్నారు కమలాక్షి గారు. "ముందు పంపినదాన్నీ వాళ్లే ఆమోదించారు కదా లోహిత్. వాళ్లకి రెండూ ఒకటే."