పుల్లమాంబ పసరుముద్ద నోము

పూర్వము ఔషధీవనమున తపమొనర్చు తృణపాద మహర్షిని వత్సనాథుడను ముని సమీపించి, ఏ నోము నోచిన గృహస్థుల పాడి చెడక, లేగలు నలగక, ఇల్లు చల్లగా నుండునని అడిగెను. మహర్షి సంతసించి ఇట్లు చెప్పెను.

పెన్నయొడ్డున వరిగెకుంట యను ఊర పుల్లమాంబ యను ఇల్లాలు గలదు. ఆమె కాచిన నేతికి చుట్టుపట్ల గొప్ప పేరు. ఆ పేరు నిలుపుకొనుటకై ఆవును కడచుక్కవరకు పితికించెడిది. జున్నుపాలు సైతము బంధువులకు పంచెడిది. ఆకలిగొన్న లేగ విరేచనముల పారుడు రోగముతో చచ్చెను. దూడ లేక ఆవు పాలు చేపదాయెను. కవ్వము మూలబడెను. ఆవు మరల ఈనినపుడును ఆమె అట్లే చేసెను. ఆ లేగయు కాళ్లు నిలువక కన్నులు తేలవేయగా, దాని మెడపై చేయివేసి పుల్లమాంబ యేడ్చుచుండెను.

అంత సురభీదేవి ముసలి గొల్లతల్లి రూపమున వచ్చి మజ్జిగ యడిగెను.

"మజ్జిగ యాడిదమ్మా, పాడే పాయ" అని పుల్లమాంబ చెప్పెను.

"పాడి యాడికీ పోలేదు బిడ్డా. నువ్వు తల్లిపాలు దూడకు చేరనీలేదు, అంతే. ముందు దాన్ని కడుపారా తాగనీ. ఆపైన వాము, జీలకర్ర, పసుపు, రోంత బెల్లం నూరి నాలిక మీద రాయి. మేత పట్టినాక మునగాకు చూపించు. పాలకు బదులు ఆకు కాదు, పాలకు తోడు ఆకు. శుక్రవారం శుక్రవారం ఇదే నోముగా నోచుకో" అని చెప్పి, దేవి కొంగుమూట విప్పి గుప్పెడు వాము ఇచ్చెను.

పుల్లమాంబ దూడ నుదుట బొట్టుపెట్టి, మొదట తల్లిపొదుగు కడ విడిచి, పిదప పసరుముద్దను నాలుకపై రాసెను. కొలది దినములకే లేగ తోకయెత్తి పెరడెల్ల గంతులిడెను. ఆవు చేపెను. కవ్వము మరల పలికెను. ఆమె ప్రతి శుక్రవారము నోము నోచుచుండగా పసులకొట్టము నిండెను.

ఏండ్లు గడచెను. కుమార్తె పెండ్లి సందడిలో పుల్లమాంబ నోము మరచి, పాయసమునకై పాలన్నియు పితికించెను. వంటలు సాగువేళ కొత్తలేగ కూలబడినదని భర్త ఓబులయ్య వచ్చి చెప్పెను. ఆమె పొయ్యి యెక్కని పాలబిందెను చంకనెత్తుకొని పందిట నిలిచెను.

"తప్పుగా అనుకోవాకండి. ఈ పూట పాయసం లేదు. ఇవి దూడపాలు" అనెను.

మగపెండ్లివారు అలుగుదురేమోనని ఓబులయ్య తల దించుకొనెను. అప్పుడు వియ్యపురాలు వెంగమాంబ లేచి చెంగు బిగించెను.

"పాయసం రేపైనా తాగొచ్చులే వదినా. వాము యాడుందో చెప్పు, నేన్నూరతా."

పెండ్లికూతురు దూడతలను ఒడిలో నుంచుకొనెను. ముత్తైదువలు పాటలు పాడుచు పాలు పట్టిరి, పసరు రాసిరి. పొద్దు గుంకకమునుపే లేగ లేచి, తూలుచు పందిట జొచ్చి, వరుని ఉత్తరీయమును నోటకరచి లాగెను. వరుడు విడువడు, దూడ విడువదు. అందరును కడుపుబ్బ నవ్విరి. పాయసము లేని ఆ పెండ్లినే ఊరివారు నేటికిని తియ్యని పెండ్లి యందురు.

కావున వత్సనాథా, పాడిగల ఇల్లాండ్రును, తొలి ఆవును తోలుకొని వచ్చినవారును, పసులుగాచు మగవారును ఈ నోము నోచవలెను. పాడి లేనివారు పొరుగింటి లేగకు పెట్టినను ఫలము తప్పదు. నోచినవారి ఉట్టి వెన్న అడుగంటదు, వియ్యములు కలహింపవు, బిడ్డలు లేగలవలె గంతులిడుదురు, అని మహర్షి పలికెను.

కథ విన్న మనమందరము చేతిలోని అక్షతలను మొదట లేగదూడ నెత్తిన చల్లి, మిగిలినవి మన తలలపై వేసికొందము.