దాలమ్మ సొరబుర్ర

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రమే పెరడుగా ఉన్న ఊళ్ళో, దాలమ్మ అని ఒక మనిషి ఉండేది. ఎంత మనిషనుకున్నావురా కన్నా! ఆవిడ కేకేస్తే కళింగపట్నంలో దీపస్తంభం మీది దీపం రెపరెపలాడేది. ఆవిడ పార దింపితే పాతాళంలో వాళ్ళు గొడుగులు తెరిచేవాళ్ళు.

ఆ ఊరంతా ఉప్పుమళ్ళే. అమావాస్యకో పౌర్ణమికో పెద్ద పోటు వచ్చినప్పుడు తూము తీసి, సముద్రపు నీళ్ళు మళ్ళలోకి వదలాలి. ఆ తర్వాత ఎండే ఉప్పు కడుతుంది. తూము తాళం దాలమ్మది. వాళ్ళమ్మ పోయేముందు ఆవిడ చేతిలో పెట్టింది, తోడుగా ఒక ఎండు సొరబుర్ర కూడా. సన్నని పొడుగు మెడ, మెడ మీద ఒక గీత, కడుపులో గుప్పెడు ఇసుక. నీళ్ళలో వదిలితే నిలువునా తేలేది. నీళ్ళు ఉప్పగా ఉంటే మెడ బాగా పైకెత్తేది, చప్పగా ఉంటే గీత దాకా మునిగేది.

ఒక ఏడు మాఘ పౌర్ణమికి అలవాటు ప్రకారం అందరూ పారలు పట్టుకొచ్చారు. దాలమ్మ బుర్ర వదిలింది. అది గీత దాకా మునిగింది. అప్పుడు ఆవిడ తూము తియ్యనంది.

"ఏటే దాలమ్మా," అన్నాడు ఊరిపెద్ద గవరయ్య, "తాతల నాటి నుంచీ మాఘ పౌర్ణమికే తీస్తన్నాం. సముద్రం కూడా చప్పబడుద్దేటి?"

"పడుద్ది మావా. సముద్రంలో ఏరు పారుద్ది. వానాకాలంలో గంగ, మహానది పోసిన నీళ్ళు ఆ ఏరు మనొడ్డుకి మోసుకొచ్చింది. ఈపాటికి ఏరు మళ్ళి, దక్షిణాన్నించి ఉప్పునీళ్ళు తేవాలి. ఇంకా మళ్ళలేదు."

"ఏ బుర్రలో ఇసకుందో తెలీడం లేదు," అన్నాడు గవరయ్య. అందరూ నవ్వారు.

అప్పుడు మాఘ అమావాస్య వచ్చింది. బుర్ర మళ్ళీ మునిగింది. గవరయ్య ఆగలేక తన మడి గట్టుకి గండి కొట్టి నీళ్ళు పెట్టుకున్నాడు. "వచ్చే పౌర్ణమికి తూము తియ్యకపోతే తాళం ఇచ్చెయ్యి," అని ఊరంతా తీర్మానించారు. దాలమ్మ తాళాన్ని కొంగున ముడేసుకుంది.

ఆ తర్వాత చూడు. చప్పనీళ్ళు తేలిక కదా, సముద్రం మీద మూతలా పరుచుకున్నాయి. అడుగునున్న చల్లదనాన్ని పైకి రానివ్వలేదు. మూత ఎండకి కాగింది, కాగి ఆవిరైంది, ఆవిరి మబ్బైంది. ఒక్కో మబ్బూ ఏడేనుగులంత! మామిడి పిందెల వేళ వాన కుమ్మేసింది. గవరయ్య మడిలో చప్పనీళ్ళు ఇంకా ఉప్పు కట్టనే లేదు, వాననీళ్ళతో ఇంకా చప్పబడ్డాయి. తక్కిన మళ్ళు ఖాళీ. వాన వచ్చింది, పోయింది.

ఫాల్గుణ పౌర్ణమి పొద్దున గవరయ్య చెయ్యి చాపి నిలబడ్డాడు. దాలమ్మ బుర్ర వదిలింది. మునిగింది. "పోటు నిండనీ మావా," అంది. కాసేపాగి మళ్ళీ వదిలింది. గీత రెండు వేళ్ళు పైకొచ్చింది. అప్పుడు నీళ్ళ వైపు చూసింది. మూడు నెలలుగా దక్షిణానికి కొట్టుకుపోతున్న కొబ్బరి డొక్కలు ఉత్తరానికి నడుస్తున్నాయి. మూడోసారి వదిలితే బుర్ర కొంగలా మెడ నిక్కించింది.

దాలమ్మ కొంగుముడి విప్పి తూము తీసింది.

పద్నాలుగు రోజులకి ఉప్పు కట్టింది. ఎంత కుప్పో చెప్పనా? దాని మీదుగా ఎగరబోయిన సముద్రపు కాకులు సగంలో దిగి ఆయాసం తీర్చుకున్నాయి.

అప్పుడు గవరయ్య వచ్చాడు. మడిలో చప్పనీళ్ళు ఎత్తిపోసి, గండి పూడ్చి వచ్చాడు. "నాకూ నీళ్ళు వదులుతావేటే, దాలమ్మా?"

"నన్నడుగుతావేటి, మావా," అంది దాలమ్మ, బుర్ర ఆయన చేతిలో పెట్టి.

ఆ పెద్దమనిషి మోకాలి లోతు నీళ్ళలో దిగి, బుర్రని రెండు చేతులా వదిలి, పసిపిల్లని పలకరించినట్టు అడిగాడు. "తియ్యమంటావా, తల్లీ?"

బుర్ర మెడెత్తింది. ఆ ఏటి నుంచీ ఆ ఊళ్ళో తూముకి ముహూర్తం పెట్టేది బుర్రే.

ఉప్పు గాదెకి, ఏరు సంద్రానికి,
తాళం కొంగుకి, బుర్ర ఉట్టికి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.